శారదానదీముఖమున శరత్కాలపు అతిథులు



నేటి నా ప్రసంగమునకు విషయము పక్షులు. ఈ పంతులుకు ముదిమియందు పిట్టల వేడుక యేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను దోషము లేదు. కాని శరత్కాలమున మన నదీముఖములకు వచ్చు పక్షులకు ఒక చరిత్ర గలదు. ఆ చరిత్రలో కాళిదాసాది మహాకవులు గలరు, పరదేశపు వైద్యులు గలరు, పేరైన మిగులని మన వేటకాండ్రును జాలరులును గలరు. వీరిలో ఎవరి మాట నిలిచినది, ఎవరి మాట జారిపోయినది యనునదియే నేను నేడు మనవి చేయదలచిన సంగతి.

మాది వడ్డాది. చోడవరమునకు సమీపమున, పెద్దేటి యొడ్డున నున్న గ్రామము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022లో క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. శాసనములలో ఓడ్డాది యని కనబడునది ఈ సీమయే. మత్స్యవంశపు రాజులు ఇచ్చట నేలిరి. క్రీస్తు శకము 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనమున ఆ వంశపు రాజుల క్రమమును, వారు చేసిన దానమును వ్రాయబడియున్నవి. మత్స్యరూపమున నున్న యొక అప్సరసకు ఆ వంశమూలపురుషుడు జన్మించెనని కథ. చేపను తమ పేరున ధరించిన రాజుల సీమ మాది. అయినను ఆ రాగిరేకులు రాజులను చెప్పునుగాని, ఆ యేట ఆశ్వయుజమున పెద్దేటి యిసుకతిన్నెలపై ఏ పక్షులు వ్రాలినవో చెప్పవు. చెప్పుట వాని పనియును గాదు. ఆ యెరుక రేకులకు ఎక్కక నోటినుండి నోటికి వచ్చినది.

మా పెద్దేటి నీరు తుదకు శారదానదిని చేరును. అనంతగిరి కొండలలో పుట్టిన శారద చోడవరము, అనకాపల్లి, కశింకోట ప్రాంతములను తడిపి, రాంబిల్లి వైపున బంగాళాఖాతమున కలియును. నది సముద్రమున కలియు చోటును మనవారు మొగ యందురు. పోటు వచ్చినపుడు ఉప్పునీరు ఏటిలోనికి ఎగబ్రాకును. పాటు తీసినపుడు నల్లని బురదపర్ర బయటపడును. నేను చెప్పబోవు అతిథులు దిగునది ఆ పర్రమీదనే.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట నేను సముద్రమునకు దగ్గరనున్న యొక పాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. ఒకనాడు శరదృతు వర్ణనము పాఠము. మేఘములు తెల్లబడును, ఏళ్లు తేరును, రెల్లు పూచును, మానససరస్సునుండి హంసలు మరలివచ్చును అని గొంతెత్తి వివరించుచున్నాను. వెనుక బల్లమీది జాలరి బాలుడొకడు లేచి, "పంతులుగారండీ, హంసంటే మన మొగలోకొచ్చే పిట్టల్లో ఏ పిట్టండీ?" అని అడిగెను.

నాకు తెలియదు. తెలియదనుటకు నోరు రాలేదు. "హంస నీ మొగలోకి వచ్చే పిట్ట కాదురా, కావ్యాల్లో ఉండే పక్షి. కూర్చో!" అంటిని. వాడు కూర్చుండక, "మా తాత చెప్పే పిట్టలు కూడా దసరాకే వస్తాయండీ" అనెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. వాడు కూర్చుండెను; ఆ యేడు మరల నన్నేమియు అడుగలేదు. మరుసటి యేడు బడి మాని తండ్రితో వలకు పోయెను. దానికి కారణము నా మాటయే యని చెప్పజాలను. కాదనియు చెప్పజాలను.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానికి ఉత్తరమును వెదకుచు నేను చదివినదే ఈ చరిత్ర.

హంసలు వానకాలమున మానసమునకు పోవుననియు, శరత్తున మరలివచ్చుననియు మన పూర్వకవులు చెప్పిరి. మేఘసందేశమున కాళిదాసు, మేఘుని వెంట మానసమునకు పయనమగు హంసలను, హిమవంతమున అవి దూరిపోవు క్రౌంచరంధ్రమును పేర్కొనెను. మేము చదువుకొనునాడు దీనిని కవిసమయమని నేర్పిరి. పాలను నీళ్లను వేరుచేయుట, ముత్యములు మేయుట కవిసమయములే, సందేహము లేదు. కాని రాకపోకల మాట కవిసమయము గాదు. నెత్తిమీద రెండు నల్లని పట్టెలుగల బూడిదవన్నె బాతు జాతి యొకటి టిబెట్టు, మంగోలియా సరస్సుల యొడ్డున వేసవిలో గ్రుడ్లుపెట్టి పిల్లలను చేసి, చలి ముదురకముందే హిమాలయమును దాటి మనదేశమునకు వచ్చును. కవుల హంసకు మూలము ఇట్టి బాతులే యని చెప్పు విద్వాంసులు గలరు. ఈ బాతులకు చిన్న యంత్రములు కట్టి వాని దారిని పరిశోధించినవారు, అవి 7,290 మీటర్ల యెత్తువరకు ఎగిరినట్లు కనుగొని 2013లో ప్రకటించిరి. క్రౌంచరంధ్రమును కల్పించినవాడు ఎవడో యొకడు మొదట ఆకాశమువంక చూచినవాడే యని నేను నమ్ముచున్నాను.

పడమటి దేశములవారు ఈ విషయమున మనకంటె ముందున్నారని తలపవలదు. గ్రీసు దేశపు తత్త్వవేత్త అరిస్టాటిలు మహామేధావి. పక్షులు వలసపోవునని ఆయన యెరుగును. అయినను కొన్ని పక్షులు చలికాలమున తొఱ్ఱలలో దాగి నిద్రించునని వ్రాసెను. ఒక జాతి పిట్ట మరియొక జాతిగా మారునని కూడ వ్రాసెను. ఆ మాటలు వందల యేండ్లు చెల్లినవి. 1822లో జర్మనీ దేశమున మెక్లెన్‌బర్గు ప్రాంతమున ఒక కొంగను కొట్టిరి. దాని మెడలో మూరెడు మించిన బాణమొకటి గ్రుచ్చుకొనియుండెను. ఆ బాణపు కఱ్ఱ ఆఫ్రికా ఖండమునది. చలికాలమున కొంగలు ఎచ్చటికి పోవునో ఆ మూగజీవము తన మెడమీద సాక్ష్యము తెచ్చినది. ఆ కొంగను నేటికిని రోస్టాకు నగరమున భద్రపరచియున్నారు.

ఇక మన తెలుగు దేశమునకు వత్తును. 1836లో థామస్ జెర్డను అను ఆంగ్లవైద్యుడు మద్రాసు చేరి, మొదట గంజాము ప్రాంతపు సేనలతో కొండలలో తిరిగెను. తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా నుండి, యానాదులవలన అచ్చటి జంతువుల, పక్షుల సంగతులు తెలిసికొనెను. 1839లో ఆయన దక్షిణదేశపు పక్షుల పట్టిక ప్రకటింప నారంభించినపుడు వాల్టర్ ఎలియట్ అను దొర తాను వ్రాసికొనిన విషయములను, పక్షుల దేశీయనామములను ఇచ్చి తోడ్పడెను. ఈ ఎలియట్ 1845 మొదలు 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరుగా మన ప్రాంతములనే పాలించెను; తెలుగుపేరులతో మొక్కల పట్టిక కూర్చి 1859లో అచ్చువేయించెను. జెర్డను 1862 మొదలు 1864 వరకు ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథమున హిందూస్తానీ, అరవము మొదలగు భాషల పేరులతో పాటు తెలుగుపేరులను వరుసగా నిచ్చెను.

ఈ పేరులు ఆ వైద్యుడు కల్పించినవి గావు. ఏ యుచ్చులవాడో, ఏ వలకాడో ఆయన గుమ్మమున నిలిచి, చేతిలోని పిట్టను చూపి చెప్పినవి. ఒక్క నిదర్శనము చూడుడు. విరహమునకు ప్రసిద్ధికెక్కిన చక్రవాకము కవుల పక్షి. అదే పక్షిని మన వేటకాండ్రు బాపన బాతు అనిరి. కాషాయపు రంగు చూచి పెట్టిన పేరు కాబోలు. నేను ముప్పదియేండ్లు చక్రవాకమును చెప్పితిని. బాపన బాతును ఎరుగను. వేటకాడు బాపన బాతును ఎరుగును; చక్రవాకమును ఎరుగడు. రెండును ఒకటే యని చెప్పుటకు మా యిద్దరి నడుమ మాటలు లేకపోయినవి. జెర్డను గ్రంథమున ఆయన పేరు నిలిచినది, పక్షి పేరు నిలిచినది. చెప్పినవాని పేరు నిలువలేదు.

పల్లెవాని నోటిమాటకు ఎంత విలువ గలదో తెలియుటకు నదీముఖమును విడిచి ఒక్కసారి కడపజిల్లా తుప్పలలోనికి రావలెను. జెర్డను కనుగొనిన పక్షి యొకటి 1848లో శాస్త్రగ్రంథములకు ఎక్కినది. ఎగురుటకంటె పరుగెత్తుటయే మిక్కిలి నేర్చిన చిన్న పక్షి. 1900 తరువాత అది పండితుల కంటబడలేదు. లోకమునుండి అంతరించినదనిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె సమీపమున అది మరల దొరకినది. వెదకినవారు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు. పట్టియిచ్చినవాడు ఆ ప్రాంతపు వేటకాడు. శాస్త్రజ్ఞులకు 86 ఏండ్లు కనబడని ఆ పక్షికి అచ్చటివారు కలివికోడి యని పేరుపెట్టి పిలుచుకొనుచునేయుండిరి. కలివిపొదల నడుమ తిరుగునది గనుక కలివికోడి. పేరు బ్రతికియుండుటచేత పక్షిని వెదకుట సాధ్యమైనది.

ఇంక మా కులమువాడొకని గూర్చి చెప్పవలెను. కులమనగా బడిపంతుళ్ల కులము! డెన్మార్కు దేశమున వీబోర్గు పట్టణపు ఉపాధ్యాయుడు మార్టెన్సెను 1899లో గోరువంకల వంటి పిట్టలను పట్టి, వాని కాళ్లకు అంకెయు చిరునామాయు గల అల్యూమినియము కడియములు తొడిగి విడిచెను. ఎచ్చటనైన ఆ పిట్ట దొరకినవారు జాబు వ్రాయుదురని ఆయన యాశ. ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. మనదేశమున 1883లో స్థాపింపబడిన బొంబాయి సంఘమువారు సలీం ఆలీ మహాశయుని నాయకత్వమున వేలకొలది పక్షులకు కడియములు వేసిరి. మన ప్రాంతపు కొండలలోని పక్షులను విశాఖపట్టణవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు పరిశోధించి, రిప్లీ, బీలర్ అను అమెరికా పండితులతో కలసి 1980 తరువాతి దశకమున వ్యాసములు ప్రకటించిరి. అనగా చెప్పినవాని పేరును, వ్రాసినవాని పేరును ఒకటిగా నిలిచినవి. జెర్డను నాటికి లేని సంగతి యిది.

నేడు కడియమునకు బదులు ఆకాశమునందలి ఉపగ్రహములకు జాడ తెలుపు యంత్రములు వచ్చినవి. 2022లో ఇట్టి యంత్రము ధరించిన పొడుగుముక్కు ఉల్లంకి జాతి పిల్ల యొకటి అలాస్కానుండి బయలుదేరి, పసిఫిక్ మహాసముద్రముపై ఎచ్చటను దిగక, 11 దినములలో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియా చేరినది. పుట్టి అయిదు నెలలైనను కాలేదు. త్రోవ చూపు తల్లిదండ్రులు దాని ప్రక్కన ఉండవలసిన పని లేదట. ఇంతటి పయనమునకు కావలసిన బలము ఎచ్చటిది? నదీముఖపు బురదది. బురదలో పురుగులు, నత్తలు, గుల్లలు గలవు. పొట్టిముక్కు పిట్ట పైపొరను ఏరుకొనును. పొడుగుముక్కుది లోతునుండి లాగుకొనును. ఒకదాని కంచములో ఒకటి చేయిపెట్టదు. మరలిపోవుటకు ముందు తిని తిని తమ బరువును రెట్టింపునకు దగ్గరగా పెంచుకొను జాతులును గలవు. ఆ బురద మనకు బీడు; వానికి అన్నసత్రము.

పదవీ విరమణ చేసిన పిమ్మట ఒక ఆశ్వయుజమాసమున నేను మొగకు పోతిని. అమావాస్య మరునాడు. అమావాస్యకును పున్నమకును పోటు పెద్దది, పాటును పెద్దది యని మీకు తెలియును గదా. పాటు తీయగా పర్ర విశాలముగా బయటపడినది. నేను గొడుగు చంకనుంచుకొని నిలిచియుండగా, "పంతులుగారండీ, బాగున్నారా? ఇటు వచ్చారేంటండీ?" అని యొకడు పలుకరించెను. తల నెరయుచున్నది. ఆనాటి వెనుక బల్లమీది బాలుడే.

సిగ్గుతో సంగతి చెప్పితిని. వాడు నవ్వి నన్ను నావ యెక్కించుకొనెను. "ఎండకు ఎదురుగా నిలబడకండి, పిట్ట నల్లగా కనపడుద్ది. ఎండని వెనకేసుకోండి" అనెను. అదియే నాకు మొదటి పాఠము. నీరు నెమ్మదిగా మరలి పోటెత్తుచుండగా, దూరమున మేయు పిట్టలన్నియు నీటి అంచుతో పాటు మావైపు నడచివచ్చుచుండెను. మేము వానిని వెదకలేదు. సముద్రమే వానిని మాకడకు తెచ్చినది. వంపుముక్కు పెద్దవి, తోక నాడించు చిన్నవి, నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున నిలిచునవి, తెడ్డుమూతి కొంగలు, సముద్రకాకులు. నేను లెక్కపెట్ట నారంభించి మూడుసార్లు తప్పితిని. నాలుగవసారి గుంపంతయు ఒక్కపెట్టున లేచి, ఒక మలుపున తెల్లగా మెరసి, మరుమలుపున మాయమైనది.

నేను పేరులడిగితిని. వాడు ఉల్లంకి, ముక్కుపూరేడు, నత్తగుల్ల కొంగ యని కొన్నింటిని చెప్పి ఆగెను. "మా తాత ఇరవై పేర్లు చెప్పేవాడండీ. ఏది ముందొచ్చుద్ది, ఏది ఏ తిథికి పోద్ది, అన్నీ చెప్పేవాడు. నాకు ఏడో ఎనిమిదో గుర్తున్నాయి. మా పిల్లలకి అవి కూడా అక్కర్లేదండీ" అనెను.

అప్పుడు నా తప్పు నాకు పూర్తిగా తెలిసినది. ఆ తాత ఆనాడు బ్రతికియేయుండెను. మా బడికి మైలు దూరమున వల యల్లుకొనుచుండెను. నేను ఆ బాలుని వెంట ఒక్క సాయంకాలము పోయి, ఒక్క దస్తా కాగితమున ఆ యిరువది పేరులును వ్రాసికొనియున్న, జెర్డను చేసిన పనిలో ఒక చిన్న భాగము ఒక తెలుగు పంతులు చేసియుండెడివాడు. నా నవ్వు ఖరీదు పండ్రెండు పేరులు.

హంస మాట కూడ చెప్పితిని. నెత్తిమీద రెండు పట్టెల బాతు అని, నేలమీద గీసి చూపితిని. వాడు చాలసేపు చూచి, "మా తాత చూశాడేమోనండీ. నేను చూళ్ళేదు" అనెను. ముప్పదియైదేండ్లకు ఉత్తరము తెచ్చితిని. అది సరియా కాదా యని చెప్పవలసినవాడు లేడు.

పెద్దలారా, సముద్రతీరమున రేవులును కర్మాగారములును వెలయుచున్నవి. మన బిడ్డలకు కూడు పెట్టునవి గనుక వానిని నేను నిందింపను. కాని ఒక పర్రను పూడ్చునపుడు, ఇచ్చట ఏమి యుండెనని ఎవరైన అడిగిన, ఏమియు లేదు, ఉత్త బురద యని చెప్పుట సులభము. ఫలానా పక్షి ఫలానా తిథిని ఇచ్చట దిగుచుండెనని వ్రాసియున్న పుస్తకమొకటి యున్నచో ఆ మాట అంత సులభముగా చెప్పజాలరు. వ్రాత లేనివాని సాక్ష్యము ఏ కచేరియందును చెల్లదు, పక్షులకును అంతే.

ఇది చేతగాని పని గాదు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురమను పల్లెకు ఏటేట శరత్తున గూడబాతులును రంగుల కొంగలును వచ్చి చెట్లమీద గూళ్లు కట్టుకొనును. ఆ యూరివారు వానిని ఆడుబిడ్డలు పుట్టింటికి వచ్చినట్లు భావించి, వాని రాక ఊరికి శుభమని నమ్మి కాపాడుకొనుచున్నారు. మన దిగువనే శారద పల్లపు భూములలో కొండకర్ల ఆవ గలదు. మన చెరువులు గలవు, మన యేళ్లు గలవు. మొగదాక పోలేనివారు తమ యూరి చెరువుగట్టున నిలిచినను చాలును.

కావలసినది ఒక నోటుపుస్తకము. నాలుగు గళ్లు గీయుడు. మొదటిది పక్షికి మీ యూరివారు పెట్టిన పేరు. గ్రంథములలోని పేరు గాదు, మీ నాయనమ్మ పిలిచిన పేరు. రెండవది ఆ యేట తొలుత కనబడిన తిథి. మూడవది కడపట కనబడిన తిథి. నాలుగవది ఆ యేటి నీటి సంగతి. పేరు తెలియని పక్షియైన రంగు, ముక్కు, నడక వ్రాయుడు. పంచాంగము చూచుట మీకు వచ్చును. పట్టణపు పరిశోధకునికి రాని విద్య యది. మనుమనిచేత వ్రాయింపుడు. వాడు వ్రాయును, మీరు చెప్పుదురు. చెప్పినవాని పేరు పుస్తకము మొదటి పుటలో వ్రాయుట మాత్రము మరువవలదు.

నేను ఆ శిష్యునికడ కూర్చుండి మిగిలిన ఏడెనిమిది పేరులు వ్రాసికొంటిని. మొదటి పుటలో వాని తాత పేరు వ్రాసితిని. వాడు ఆ పుటను చూచి యేమియు అనలేదు. నావను ఒడ్డుకు త్రిప్పెను. దిగునపుడు మాత్రము, "వచ్చే పున్నానికి రండి పంతులుగారండీ, ఇంకో రకం దిగుద్ది. దాని పేరు మా మేనత్తకి తెలుసేమో, అడిగి ఉంచుతాను" అనెను.

పున్నమకు పోదును. మీరును మీ మీ యూళ్లలో, అటువంటి మేనత్తలు బ్రతికియుండగనే, అడుగుడు.

సెలవు.